మొక్కు లేకుండా పుట్టినదాన్ని

మొన్న వడగాలి మొదలైన రోజున మా కోడలు సోంపూ మిరియాలూ నూరి, బెల్లం నీళ్ళలో కలిపి, పలచటి గుడ్డలో వడకట్టి గ్లాసు నా చేతికిచ్చింది. ఆ వాసన ఇంకెవరికైనా ప్రాణం చల్లబరుస్తుందేమో గానీ నాకు కడుపులో భగ్గుమంది. వాసనలు తగిలి చిన్నతనం గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయని రాసేవాళ్ళని చాలామందిని చదివాను. నావి చెమర్చవు, మండుతాయి. ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో పీర్ల పండక్కి మా లైను రైల్వే క్వార్టర్లన్నిటికీ ఆ షర్బతు పంచేటప్పుడు మొదటి లోటా మా అప్పకి ఇచ్చేవారు. అప్ప అంటే మా అక్క. నాకు అందరితో పాటు వరసలో, ఇంటి నుంచి పట్టుకెళ్ళిన చెంబులో పోసేవారు.

అప్పకి ఆ మర్యాద ఊరికే రాలేదు. దాని కంటే ముందు మా అమ్మకి ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు. మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు మా క్వార్టరుకి మూడు గుమ్మాల అవతల ఉండే ఖాదరు మావ ఇంటి పీరుకి మొక్కుకుంది, బిడ్డ బతికితే పండక్కి ఫకీరుని చేస్తానని. బిడ్డ బతికింది. బళ్ళో సుశీల, ఇంట్లో పకీరమ్మ. ఆ తరవాత రెండేళ్ళకి నేను ఏ మొక్కూ లేకుండా, ఎవరినీ భయపెట్టకుండా, గుండ్రాయిలా పుట్టాను. నా పేరైనా మావాళ్ళు ఆలోచించి పెట్టింది కాదు. పక్కింటి బెంగాలీ దీదీ మాలతి అంటే సరే అన్నారు. కష్టపెట్టి పుట్టినవాళ్ళకున్న విలువ సుఖంగా పుట్టినవాళ్ళకి ఉండదని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు.

ఖాదరు మావ వాళ్ళది విజయనగరం వైపు పల్లెటూరు. మా అయ్యతో పాటు వర్క్‌షాపులో పని, కొలిమి దగ్గర. చేతుల మీద నిప్పురవ్వల మచ్చలు, గడ్డంలో ఎప్పుడూ ఇంత ఇనప వాసన, ఐదు పూటలా నమాజు. వాళ్ళ నాన్న రైల్వేలో ఉద్యోగానికి వచ్చేటప్పుడు ఊళ్ళోని పీర్లలో ఒకదాన్ని ట్రంకు పెట్టెలో పెట్టుకుని తెచ్చాడట. అరచెయ్యి ఆకారంలో ఉండే ఇత్తడి పంజా అది. ఏడాదంతా గోడ గూట్లో ఆకుపచ్చ గుడ్డ చుట్టుకుని పడుకునేది. నెలవంకని బట్టి వచ్చే పండగ కనుక ఏటా కొంచెం కొంచెం ముందుకి జరిగి, నా చిన్నతనంలో మామిడి పిందెలు టెంకె కట్టే ఎండల్లోకి వచ్చి కూర్చుంది. మావ భార్య మాబూబీ అత్త చింతపండుతో పీరుని తోమి తోమి ముఖం కనిపించేలా చేస్తే, మావ దాన్ని కర్రకి బిగించి, పట్టు దట్టీలు కట్టి, తాటాకు పందిట్లో నిలబెట్టేవాడు. పీరు లేచింది అనేవారు. అది అసలు సంతాపం పండగని మాకు పెద్దయ్యాక గానీ తెలియలేదు. మా లైనులో అది డప్పుల పండగ, ఊదు పొగ పండగ, రొట్టెల్ని బెల్లంతో నేతితో చిదిమి చేసే మలీదా పండగ.

ఆ ఐదు రోజులూ మా అప్ప నేల మీద నడిచేది కాదంటే నమ్మండి. ఆకుపచ్చ లాల్చీ, మెడలోనూ మణికట్టుకీ ఎరుపూ ఆకుపచ్చా కలిపి పేనిన దారం, నుదుటి మీద ఊదీ, భుజాన చిన్న జోలె. ఐదిళ్ళకి వెళ్ళి బిచ్చమడగాలి, ఆ వచ్చిన బియ్యంతోనే వంట మొదలవ్వాలి. పీరు ఊరేగింపు కదిలినప్పుడు మావ కొడుకు రహీమన్న దాన్ని భుజాల మీద ఎక్కించుకుని డప్పుల ముందు నడిచేవాడు. లైను ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు తెచ్చి పీరు మోసేవాళ్ళ కాళ్ళ మీద పోసి, ఆ తడి చేతులతో మా అప్ప పాదాలు కూడా తాకేవారు. దీదీ కూడా తాకేది. ఇంట్లో నాతో పాటు పేడతట్ట మోసే పిల్ల పాదాలు, గజ్జి కురుపు మచ్చలున్న పాదాలు. నేను జనం వెనక చెంబు పట్టుకుని నిలబడి పళ్ళు నూరుకునేదాన్ని. పండగ అయ్యాక దారం నీళ్ళలో కలిపేసినా దాని మణికట్టు మీద తెల్లటి గీత కొన్నాళ్ళుండేది. అదీ చూపించుకునేది ముండ.

నాకు తొమ్మిదో ఏడు వచ్చాక ఇక ఆగలేకపోయాను. జబ్బు చేస్తే గానీ అమ్మ మొక్కదని అర్థమైంది కనుక జబ్బు తెచ్చుకోవాలని నిశ్చయించుకున్నాను. ఆ ఏడు పండగ వెళ్ళిపోయాక ఉప్పూ కారం లేకుండా పచ్చి మామిడికాయలు తిన్నాను, కాలబైశాఖి గాలివానలో వడగళ్ళు ఏరే నెపంతో లంగా పిండేంత వరకూ తడిశాను. జ్వరం వచ్చింది. అనుకున్న దాని కంటే పెద్దదే వచ్చింది. రైల్వే ఆసుపత్రి డాక్టరు టైఫాయిడ్ అన్నాడు. మంట ఎక్కిన చెవుల్లోంచి మా అమ్మ గొంతు వినబడింది.

"బాబూ పీరూ, ఈ గుంట గట్టెక్కితే వొచ్చే పండక్కి దీన్ని కూడా నీ పకీర్ని సేస్తాను."

ఆ మాట విన్నాకే కోలుకున్నానని నా నమ్మకం. జుట్టు ఊడిపోయి, కాళ్ళు పుల్లల్లా అయిపోయి, మంచం మీద గంజి తాగుతూ కూడా నేను రాణీలా ఉన్నాను. దసరా పూజల కొత్తబట్టలు వచ్చే రోజుల్లోనే అమ్మ ఆకుపచ్చ గుడ్డ కొని గౌను కుట్టించింది. రోజుకోసారి పెట్టె తీసి దాన్ని తడిమి చూసుకునేదాన్ని, అప్ప చూస్తుండగా.

ఆ శీతాకాలంలో రహీమన్న తిరిగొచ్చాడు. అంతకు కొన్నేళ్ళ ముందు అరబ్బు దేశంలో నూనె కంపెనీకి ఫిట్టరుగా వెళ్ళాడు. లైనంతా తిరిగి అందరి వీపుల మీదా చరిచే మనిషి, డప్పు అందుకుంటే చేతులు కనిపించేవి కావు. అలాంటివాడు కళ్ళు దించుకుని నడుస్తున్నాడు. మా గుమ్మం మెట్ల మీద కూర్చున్నాడు గానీ అమ్మ ఇచ్చిన టీ ముట్టలేదు. మా అయ్యకి అక్కడి సంగతులు చెప్పాడు. రేకుల షెడ్డులో మలబారు వాళ్ళు, ఢాకా వాళ్ళు, పెషావరు వాళ్ళు అందరూ కలిసి ఉండేవారట. గురువారం రాత్రి డబ్బా వాయించుకుంటూ ఎవరి భాషలో వాళ్ళు దేవుడి పాటలు పాడుకునేవారట. ఒకసారి తనకి వడదెబ్బ తగిలి చావుబతుకుల్లో పడితే మతబోధ చేసే కొందరు వచ్చి, తల్లిలా నోట్లో గంజి పోసి బతికించారట. పాటలు తప్పు, దర్గాలు తప్పు, తావళం పూసలు తిప్పడం తప్పు అని వాళ్ళే నేర్పారు. ఒక్కొక్కరే పాటలు మానేశారు. పెషావరు ముసలి వంటవాడు మాత్రం తన గురువు పేరు తలవడం మాననన్నాడు. అతని చేతి రొట్టె తినడం అందరూ మానేశారు. రహీమన్న ఇదంతా మంచి కథలాగే చెప్పాడు.

"మరా ముసలాయన ఎటెల్లిపోనాడు?" అన్నాడు అయ్య.

"తెల్దు బాబాయ్," అన్నాడు రహీమన్న.

పండగ దగ్గరపడుతుంటే వాళ్ళింట్లో మాటలు పెరిగాయి. మా లైనులో గోడలు పేరుకే గోడలు. పంజాకి దండం పెట్టడం విగ్రహానికి పెట్టడమేనని, అది ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లో ముద్ద ముట్టనని కొడుకు పట్టుపట్టాడు.

"నమాజు ఇడిసినానా, రోజా ఇడిసినానా? మా అయ్య సేసిందే నానూ సేసినాను. ఏటిరా నా తప్పు?" అని మావ అరిచాడు.

"అబ్బాజాన్, నువ్వు నిప్పుల్లో కాలతన్నట్టు కలలొస్తన్నాయి నాకు. నిద్దర్నేదు," అని రహీమన్న ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు, వెక్కిళ్ళు మాకు వినబడ్డాయి.

"ముప్పయ్యేళ్ళు కొలిమి కాడ నిలబడినోడిని నిప్పుకి బయపడమంతావేటి," అన్నాడు మావ, కానీ గొంతు తగ్గిపోయింది. నిప్పుకి భయపడని మనిషి పస్తుంటున్న ఒక్కగానొక్క కొడుక్కి లొంగాడు. పీరుని మళ్ళీ ట్రంకు పెట్టెలో పెట్టి, విజయనగరం వైపు ఊళ్ళో ఉన్న అన్నగారింట్లో ఇచ్చేసి, ఖాళీ చేతులతో బండి దిగాడు. ఆ ఏడు మా లైనులో పందిరి పడలేదు.

మొక్కు తీరకపోతే పిల్లకేమవుతుందోనని మా అమ్మ వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళి అడిగింది. రహీమన్న మర్యాదగానే, "పిన్నీ, మొక్కులంటూ ఏటీ నేవు. పైనోడు సూసుకుంటాడు," అన్నాడు. అమ్మ ఇంటికొచ్చి, "పైనోడికి నాను మొక్కితే కదా ఆయన సూసుకోడానికి. మొక్కింది ఈ పీరుకి," అని తలపట్టుకుంది. నా ఏడుపు వేరే. అప్ప నా పక్కన చేరి, "నా పాత లాల్చీ ఏసుకుందువుగానిలే," అంది. ఓదార్పే, కాదనను. దాని పాతది నాకు.

పండగ చివరి రోజు మధ్యాహ్నం వర్క్‌షాపు సైరను మోగింది. రహీమన్న మసీదుకి వెళ్ళాడు. మాబూబీ అత్త పెరటి గుమ్మంలోంచి నన్ను చేత్తో పిలిచింది. లోపలికి వెళ్ళగానే ముందు తలుపు గడియ పెట్టింది, పెరటి తలుపు గడియ పెట్టింది, కిటికీ రెక్క మూసింది. వంటింట్లో పీట వేసి, ఖాళీ గూటి వైపు ముఖం పెట్టి నన్ను కూర్చోబెట్టింది. ఊదు వేస్తే వాసన బయటికి పోతుందని వేయలేదు. కొంగు ముడి విప్పి ఎరుపూ ఆకుపచ్చా దారం తీసి నా మణికట్టుకి కట్టి, పెదాలు కదలడం తప్ప చప్పుడు రాకుండా ఏదో చదివింది.

"గౌను తెచ్చుకుంటానత్తా," అన్నాను.

"వొద్దమ్మా. ఊరుకో."

గిన్నెలో ఒక్క రొట్టె మలీదా ఉంది. తన చేత్తోనే ముద్దలు చేసి నా నోట్లో పెట్టింది. వీధిలో సైకిలు గంట మోగితే ముద్ద గాల్లోనే ఆపి, అది దాటిపోయాక పెట్టింది. తినడం అయ్యాక నోరు పుక్కిలించమంది, బెల్లం వాసన రాకుండా. తరవాత కత్తిపీటతో నా మణికట్టు మీది దారం కోసి పొయ్యిలో పడేసింది.

"అప్పకి ఐదు రోజులు ఉంచారు కదత్తా," అన్నాను.

"మొక్కు తీరిపోనాది. నీకింకేటీ అవదు. ఎవులికీ సెప్పకు, మీ అప్పకి కూడా సెప్పకు," అని నా తల మీద చెయ్యి వేసింది.

అదీ నా ఫకీరుతనం. ఒక్క రొట్టె తిన్నంత సేపు. డప్పు లేదు, ఊరేగింపు లేదు, కాళ్ళ మీద చెంబెడు నీళ్ళు లేవు. అత్త మా అమ్మ చెవిలో మాత్రం ఒక మాట వేసినట్టుంది, అమ్మ ఆ రోజు నుంచి నిమ్మళించింది. నేను మణికట్టు ఎన్నిసార్లు చూసుకున్నానో, గీతైనా పడలేదు. ఎవరూ చూడని మర్యాద మర్యాదేనా? ఆకుపచ్చ గౌను మామూలు గౌనై, బడికీ బజారుకీ వేసుకుని చిరిగిపోయింది.

ఖాదరు మావ రిటైరవ్వకుండానే పోయాడు. అత్తని రహీమన్న ఆ దేశానికి తీసుకెళ్ళాడు; ఆమె అక్కడే పోయిందని ఏడాది దాటాక తెలిసింది. మా లైను క్వార్టర్లలో సగం కూలగొట్టారు, మిగతా వాటిలో రావి మొక్కలు మొలిచాయి. విజయనగరం వైపు ఊళ్ళో కూడా ఇప్పుడు పీరు లేవడం లేదట. మావ అన్నగారి మనవలు తప్పంటున్నారు, మన పిల్లలు వాళ్ళ పండగ మనకెందుకంటున్నారు. చుట్టూ ఎక్కడా డప్పు లేదు.

మా అప్ప ఖరగ్‌పూర్‌లోనే ఝపటాపూర్‌లో ఉంది. దాని మనవలు వస్తే చాలు, పకీరమ్మ కథ మొదలుపెడుతుంది, భుజాల మీద ఊరేగినదీ, అందరూ పాదాలు తాకినదీ. ఈ వేసవిలో మా కోడలిచ్చిన షర్బతు తాగి వెళ్ళిన నేను వినీ వినీ ఉండబట్టలేక, "నేనూ అయ్యాను ఫకీరుని," అన్నాను. "ఆ ఏడు పీరే లెగనేదు కదే," అని నవ్వింది. అప్పుడు మొత్తం చెప్పాను. పీట, గూడు, దారం, అత్త తన చేత్తో తినిపించిన ముద్దలు ఒక్కటీ వదలకుండా చెప్పాను, ఎందుకంటే అత్త దాని నోట్లో ఎప్పుడూ ముద్ద పెట్టలేదు. ఇన్నేళ్ళకి దాని ముఖం మాడితే చూడాలని కళ్ళు విప్పుకుని కూర్చున్నాను.

అప్ప, "తలుపు గడియెట్టిందా? మాబూబత్తే? కన్నకొడుక్కి బయపడి, తనింట్లో తను?" అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. ముక్కు ఎర్రబడేలా, భుజాలు కదిలేలా ఏడ్చింది.

ఆ తలుపు వేస్తున్నప్పుడు లోపల ఉన్నదాన్ని నేను. గడియ చప్పుడు విన్నదాన్ని నేను. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆవిడ కోసం ఏడవలేదు. అక్కడ లేని మనిషి కూర్చుని ఏడుస్తుంటే, పక్కనే కళ్ళు పొడిగా పెట్టుకుని చూస్తున్నాను. నాకు మళ్ళీ కుళ్ళొచ్చింది.