నూనె పొయ్యి మామ

మామ పోయాడని పోయిన వారం ఉత్తరం వచ్చింది. ఆయన తమ్ముడు రాశాడు, నాలుగే ముక్కలు. దగ్గు ముదిరింది, ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే పోయాడు, కర్మలు అయిపోయాయి, నీకు చెప్పమన్నాడు. ఆ చివరి మాట దగ్గర ఆగిపోయాను. నాకు చెప్పమన్నాడట. నిజానికి ఆయన నాకు ఏ చుట్టమూ కాదు. మాది ఒకే జిల్లా, ఆయన వయసులో పెద్ద, అందుకని మామ. మస్కట్‌లో దిగిన రోజు నాకు అన్నం పెట్టి, పడుకోవడానికి తన చాప ఇచ్చినవాడు.

అక్కడే ఖురం అనే పేటలో ఒక ఇంగ్లీషు ఇంజనీరు ఇంట్లో ఆయన వంట, నేను పైపనులు, తర్వాత కారు. ఆ రోజుల్లో కరెంటు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. అందుకని ఇంజనీరు భార్య, మా మేడమ్, తన దేశం నుంచి ఓడలో ఒక పొయ్యి తెప్పించుకుంది. బీరువా అంత ఇనుప పొయ్యి, పైన తెల్ల పింగాణీ పూత. ఇంటి వెనక కిరోసిన్ ట్యాంకు, అక్కడి నుంచి గోడలోంచి సన్నని గొట్టం. రొట్టె దాంట్లోనే, కూర దాని మీదే, స్నానాల నీళ్లూ దాంతోనే. రాత్రీ పగలూ వెలుగుతూనే ఉండాలి. చలిదేశం వాళ్లకు అది సుఖమేమో. మే నెలలో ఆ వంటింట్లో నిలబడ్డవాడిని అడగాలి సుఖమంటే ఏమిటో.

"గిది పొయ్యి కాదురా, అత్తగారు. ఆరిందంటే అలుగుతది" అనేవాడు మామ.

నిజంగానే అలిగేది. పదిహేను రోజులకోసారి ఆర్పి, చల్లారాక, అడుగున గడ్డకట్టిన మసి గీకాలి. మళ్లీ వెలిగించడమే అసలు విద్య. మీట తిప్పితే నూనె బొట్టుబొట్టుగా లోపలి గిన్నెలోకి దిగుతుంది. తొందరపడి మండే వత్తి లోపల వేస్తే అంటుకోదు. ఆలస్యమైతే నూనె నిండిపోయి వంటిల్లంతా మసి కక్కుతుంది. గోడ మీద గడియారం ఉన్నా మామ దాని వైపు చూసేవాడు కాదు. మీట తిప్పి, కళ్లు మూసుకుని, కరీంనగర్ నుంచి వాళ్ల ఊరికి పోయే బస్సు స్టాపులు నెమ్మదిగా చెప్పుకునేవాడు. బస్టాండు. రైస్ మిల్లు. వంతెన. ఠాణా. మొక్కజొన్న చెలకలు. బడి. అప్పుడు కళ్లు తెరిచి, "ఊరొచ్చింది, అంటియ్యి" అనేవాడు. వత్తి వేయడం నా పని. మంట నీలంగా లేచేది.

మొత్తం పనీ నాకు నేర్పాడు. ఒకసారి ఆయన జ్వరంతో పడుకుంటే, ఆర్పిన పొయ్యిని నేనొక్కణ్ణే వెలిగించాను. మేడమ్‌కు తెలియదు. రొట్టె బాగా కాలిందని ఆయన్నే మెచ్చుకుంది. "నాకంటె నీ చెయ్యే నయమున్నదిరా" అన్నాడు మామ.

ఆయన ఇక్కడికి వచ్చాక ఊళ్లో కొడుకు పుట్టాడు. మూడేళ్లు నిండుతున్నా మొహం చూడలేదు. ఉన్నది ఒక ఫోటో. కిరోసిన్ చేతులతో ముట్టుకుంటే పాడవుతుందని రూమ్‌లో పెట్టె అడుగున దాచాడు. ఆ చలికాలం టెలిగ్రాం వచ్చింది, పిల్లవాడికి బాగాలేదు, వెంటనే రమ్మని. మామ వెళ్లి ఇంజనీరు సాబ్‌ను సెలవు అడిగాడు. సాబ్ చెడ్డవాడని అనలేను. వాళ్ల పండగకు ఇంటినిండా అతిథులు వస్తున్నారు. నన్ను పిలిచి వచ్చీ రాని హిందీలో అడిగాడు, ఈ పొయ్యి నువ్వు నడపగలవా అని.

అప్పుడే నాకు లైసెన్సు వచ్చింది. కారులో ఎక్కడో దూరాన ఉన్న అల్ సువైక్ ఊరి దాకా గాలికి తిరుగుతున్నవాణ్ణి. ఒకసారి వంటింట్లోకి పోతే మళ్లీ బయటికి రానివ్వరని భయపడ్డాను. మామ నా వైపే చూస్తున్నాడు.

"నై సాబ్, మేరేకు నై ఆతా" అన్నాను. నాకు రాదు అని.

పండగ అయ్యాక వెళ్లమన్నాడు సాబ్. మామ తల ఊపి వంటింట్లోకి వెళ్లిపోయాడు. ఆయన ఊళ్లో దిగేసరికి పిల్లవాణ్ణి పూడ్చి పది రోజులైందట.

తిరిగొచ్చాక తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. "తిన్నవారా?" అని అడిగాడు, అంతే. మసి గీకాడు, మీట తిప్పాడు, స్టాపులు మొదలుపెట్టాడు. బడి దాకా వచ్చి ఆగాడు. కళ్లు తెరవకుండానే "అంటియ్యి" అన్నాడు. ఊరొచ్చిందన్న మాట ఆ తర్వాత ఆయన నోట నేను వినలేదు.

ఆ ఇంజనీరు దేశం వెళ్లిపోతూ పొయ్యికి చెక్కపెట్టె చేయించాడు, ఎక్కడా గీత పడకుండా చుట్టూ గడ్డి కూరించాడు. మామను ఆ మసికి పట్టుకున్న దగ్గుతోనే ఊరికి పంపించేశారు.

నేనిప్పుడు అల్ ఖువైర్‌లో ఆఫీసు కారు నడుపుతున్నాను. నిన్న డ్యూటీలో, సాబ్‌ల కోసం ఎదురుచూస్తూ, ఉత్తరం మళ్లీ చదివి కళ్లు మూసుకున్నాను. బస్టాండు. రైస్ మిల్లు. వంతెన. ఠాణా. మొక్కజొన్న చెలకలు. బడి. వత్తి పట్టుకున్నట్టు వేళ్లు వాటంతటవే బిగుసుకున్నాయి. ఒక్క స్టాపూ తప్పలేదు. సాబ్ అడిగిన రోజు కూడా నాకు అన్నీ వచ్చు.