లాజర్ ముక్కు పరీక్ష

డిసెంబరు వచ్చిందంటే లాజర్ వైన్‌ట్రాబ్‌కి ఒళ్ళంతా ముక్కే. మెల్‌బోర్న్‌లో, కాల్‌ఫీల్డ్ చుట్టుపక్కల ఏ బంధువు ఇంటికి వెళ్ళినా గుమ్మంలో ఆగి, టోపీ వెనక్కి నెట్టి, కళ్ళు మూసుకుని, కిటికీ తెరలు కదిలేంత గట్టిగా గాలి పీలుస్తాడు. యూదుల ఇంట్లో పైన్ వాసన వేసే క్రిస్మస్ చెట్టు ఎక్కడైనా దాక్కుందేమో కనిపెట్టడానికి. "శుభ్రం" అన్నాడంటే లోపలికొచ్చి భోజనానికి కూర్చుంటాడు. ఆ మాట రాలేదంటే వచ్చిన దారినే వెళ్ళిపోతాడు.

ఒకసారి పళ్ళ డాక్టరు దగ్గర కుర్చీలో పడుకున్నవాడు నోట్లో దూదితోనే లేచి కూర్చున్నాడు.

"చెట్టెక్కడ పెట్టావయ్యా?"

"అది నేల తుడిచిన పైన్ మందు వాసనండీ!"

"మొదట అందరూ అలాగే అంటారు."

చూసేవాళ్ళకి ఇదంతా నవ్వులాట. కూతురు దాలియాకి మాత్రం ఒళ్ళుమంట. ఎందుకంటే ఆ ముక్కు ఒక్క ఇంటిని పరీక్షలో నిజంగానే తప్పించింది, అది లాజర్ సొంత అన్న హెషెల్ ఇల్లు. పిల్లలు ముచ్చటపడ్డారని హెషెల్ ముందుగదిలో చెట్టు పెట్టాడు. లాజర్ గుమ్మంలోనే వెనక్కి తిరిగాడు. తొమ్మిదేళ్ళు అన్నదమ్ములకి మాటల్లేవు. గొడవైన పదో ఏడు హెషెల్ పోయాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళలో ఏ ఇల్లూ పరీక్ష తప్పలేదు. చుట్టాలందరూ చెట్లు మానేశారో, దాచడం నేర్చుకున్నారో దాలియా ఎప్పుడూ అడగలేదు. పెదనాన్న శవం ముందు నిలబడి ఏడ్చిన తండ్రిని మాత్రం ఆమె క్షమించలేదు.

దాలియా భర్త బ్రెండన్ క్రైస్తవుడు. ఎనిమిదేళ్ళ కాపురంలో అతను చెట్టు ఊసెత్తలేదు. యూదుల దీపాల పండగ హనుక్కాకి ఎనిమిది రోజులూ దీపాలు వెలిగించేవాడు, బంగాళదుంప అట్లు వేయించి చేతులు కాల్చుకునేవాడు. ఆ ఆగస్టులో అతని తల్లి పోయింది. నవంబరులో ఆమె ఇంటినుంచి ఒక అట్టపెట్టె వచ్చింది. నిండా చెట్టుకి కట్టే గాజు పిట్టలు.

"ఈ ఒక్క ఏడాది పెట్టుకుందామా దాలీ?" అన్నాడు బ్రెండన్.

"హనుక్కా మొదటి దీపం ఈసారి సరిగ్గా క్రిస్మస్ సాయంత్రమే పడింది. నాన్నొస్తాడు."

"చెట్టుని బట్టలుతికే గదిలో పెట్టేస్తాను."

'మా అమ్మని బట్టలుతికే గదిలో పెడతాను' అని అతను అన్నట్టు వినబడింది దాలియాకి. అడిగినందుకు మొగుడి మీద కోపమొచ్చింది, అడగాల్సి వచ్చేలా చేసినందుకు తండ్రి మీద అంతకన్నా ఎక్కువ వచ్చింది.

"ముందుగదిలోనే పెట్టు," అంది. "పోతే పోనీ. తొమ్మిదేళ్ళు నాతోనూ మాట్లాడకుండా ఉండమను."

అన్నదే గానీ, ఆ నెలంతా ఆమెకి తిండి సయించలేదు.

అక్కడ డిసెంబరంటే నడివేసవి. క్రిస్మస్ రోజు నలభై డిగ్రీల ఎండ. సాయంత్రానికి చెట్టు సగం ఆకులు నేల మీదే ఉన్నాయి. ఇంకా వెలుతురుండగానే లాజర్ వచ్చాడు. వెనకే ఆయన అక్క ఫ్రూమా. ఆవిడ చూసినది మర్నాటికి కాల్‌ఫీల్డ్ అంతా చూసినట్టే.

లాజర్ గుమ్మంలో ఆగాడు. చెట్టు ఎదురుగా ఉంది, గాజు పిట్టలతో సహా. బ్రెండన్ దాని పక్కన తప్పు చేసినవాడిలా నిలబడ్డాడు. లాజర్ టోపీ వెనక్కి నెట్టి కళ్ళు మూసుకున్నాడు. పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు.

"శుభ్రం," అన్నాడు.

"ఒరేయ్, కళ్ళు పోయాయిరా నీకు?" అంది ఫ్రూమా. "మేడంత చెట్టు!"

"నేను కళ్ళతో చూడను. ముక్కుతో చూస్తాను. చెట్టు లేదు."

"నే చూస్తున్నానుగా!"

"నీకు శుక్లాలు. నీ మాట ఎవరు నమ్ముతారే? ఇరవై ఏళ్ళుగా నా ముక్కునే నమ్మారు."

ఫ్రూమా గొణుక్కుంటూ వెళ్ళి కుర్చీలో కూలబడింది. దాలియాకి మాత్రం ఆ దయ కళ్ళలో కారం కొట్టినట్టయింది.

"పెదనాన్న ఇంటి గుమ్మంలో ఈ ముక్కు ఎందుకు మూసుకోలేదు నాన్నా?"

లాజర్ చాలాసేపు టోపీ సర్దుకున్నాడు. "అప్పుడు వయసులో ఉన్నాను," అన్నాడు. "వాసన బాగా తెలిసేది."

తర్వాత అల్లుడి దగ్గరికి వెళ్ళాడు. "మావాళ్ళలో తల్లి పోతే కొడుకు పదకొండు నెలలు రోజూ గుడికెళ్ళి ప్రార్థన చదవాలి. నీకది రాదు. నీకొచ్చింది ఇది. ఎన్నాళ్ళుంచుతావు?"

"జనవరి ఆరున తీసేస్తాం మామయ్యా. అది మా ఆచారం."

"కన్నతల్లికి రెండు వారాలా!" లాజర్ మండిపడ్డాడు. "పదకొండు నెలలంటే జూలై. అప్పటిదాకా ఎవడైనా దీన్ని ముట్టుకున్నాడంటే నేనీ గుమ్మం తొక్కను!"

మర్నాడు దాలియా హెషెల్ కూతురు పెర్లాకి ఫోన్ చేసి జరిగింది చెప్పింది. పెర్లా పగలబడి నవ్వింది.

"నీకిప్పుడా తెలిసింది? మా నాన్న పోయిన మరుసటి ఏడాది నుంచీ నా చెట్టు వెనకగదిలోనే ఉంటోంది. బాబాయి వచ్చి ఆ తలుపుకే వీపు ఆనించి, అత్త చూస్తుండగా 'శుభ్రం' అంటాడు. ఓసారి తలుపు సందులోంచి కొమ్మ బయటికొస్తే కోటుతో కప్పేశాడు."

దాలియా నవ్వలేకపోయింది. ఇరవై ఏళ్ళ కోపం ఒక్క ఫోనుతో పోదు. కానీ ఆ శుక్రవారం సబ్బాతు భోజనానికొచ్చిన తండ్రి కోసం అట్లు రెండు ఎక్కువ వేసింది.

జూలై దాకా చెట్టు ముందుగదిలోనే ఉంది. మార్చికే ఆకులన్నీ రాలి, చీపురు పుల్లలకి గాజు పిట్టలు వేలాడుతున్నట్టు తయారైంది. లాజర్ ప్రతి శుక్రవారం వచ్చి, పీల్చి, "శుభ్రం" అని దాని పక్కనే కూర్చున్నాడు.

పదకొండో నెల నిండిన రోజు చలిలో మామా అల్లుళ్ళిద్దరూ ఆ పుల్లల మోపుని వీధి చివరిదాకా మోసుకెళ్ళారు. వెనక్కి వస్తూ బ్రెండన్ కళ్ళు తుడుచుకున్నాడు. లాజర్ చూడనట్టు ముందు నడిచి, గుమ్మంలో ఆగి, ఖాళీ గదిని గట్టిగా పీల్చాడు. మొహం చిట్లించాడు.

"దాలియా, ఇల్లు ఓసారి వెతుకు," అన్నాడు. "ఎక్కడో చెట్టు వాసన వస్తోంది."