అమ్మ చీర వెళ్లిన దారి

మా కోడలు కంప్యూటర్ల ఆఫీసులో పని చేస్తుంది. ఇంట్లో ఆ రౌటరు పెట్టె ఏం చేస్తుందని అడిగితే విడమరిచి చెప్పింది. పంపే ప్రతి కబురు మీదా రెండు చిరునామాలుంటాయట. చేరవలసిన చోటుది ఐపీ అడ్రసు, అది చివరిదాకా మారదు. రెండోది తర్వాత అందుకునే యంత్రానిది. మజిలీ మజిలీకి దాన్ని తీసేసి కొత్తది వేస్తారట. వింటూ వింటూ నేను మా అమ్మ దగ్గరికి వెళ్లిపోయాను.

డెబ్బైల చివరి మాట. మేం నర్సీపట్నంలో ఉండేవాళ్లం. అక్కను గొలుగొండ దాటాక కొండ కింద పల్లెకి ఇచ్చారు. అక్కడికి బస్సు లేదు, గొలుగొండ దాకానే. అమ్మ ఏది పంపినా మూటకి గుడ్డముక్క కుట్టి, దాని మీద అక్క పేరూ ఊరూ రాయించేది. పైన దారంతో ఒక చీటీ కట్టేది, గొలుగొండ టీ కొట్టు అని. కండక్టరు అక్కడ మూట దింపి చీటీ తెంపేసేవాడు. టీ కొట్టావిడ గుడ్డ మీద ఊరు చదువుకుని, ఆ పల్లె నుంచి పాలు తెచ్చే సైకిలాయన పేరుతో మరో చీటీ కట్టేది.

అమ్మ పోయిన రెండు నెలలకి, నెలలు నిండిన అక్క కబురంపింది. పుట్టిన బిడ్డను అమ్మమ్మ పాత చీరలో చుట్టడం మా ఇళ్లల్లో మామూలు. "అమ్మ ఇడిసిన సీర పంపు. ఉతక్కు, వాసన పోద్ది" అని.

మూట కట్టడం నాకదే మొదలు. టీ కొట్టు పేరు రాసిన గుడ్డ మూటకి కుట్టేసి, అక్క ఊరు చీటీ మీద రాశాను. రెండూ ఉన్నాయి కదా అనుకున్నాను.

"ఏటమ్మా, ఇంత తేలిగ్గా ఉంది? మీ అమ్మ మూటెక్కితే బస్సు ఒరిగిపోయేది" అన్నాడు కండక్టరు.

పది రోజులకి ఆడపిల్ల పుట్టిందనీ, చీర రాలేదనీ తెలిసింది. బస్సెక్కి గొలుగొండ పోయాను.

"చీటీ ఎప్పట్లాగే కండక్టరు తెంపేశాడు. గుడ్డ మీద నా కొట్టు పేరే ఉంది కదమ్మా, ఇంకెక్కడికి పంపేది?" అంది టీ కొట్టావిడ. "ఎవులు పంపారో ఏటో, మాసిపోయుందని సబ్బెట్టి ఉతికుంచాను."

 చీర పట్టుకుని పల్లెకి నడిచాను.

అక్క దాన్ని ముఖానికి ఆనించుకుని చాలాసేపు తీయలేదు.

"సబ్బు వాసనొస్తందే."

నా తప్పు చెప్పబోయాను.

"ఊరుకో. పిల్లని సుట్టు" అంది.

చుట్టాను. చుడుతూ ఒక్కో మడతా ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. కొంగు చివర కూడా అమ్మ లేదు.