పెద్దమ్మ పీకించిన బోర్డు

మొన్న ఆదివారం పొద్దున గుంటూరులో మా పెద్దమ్మ పోయింది. మిరప, పత్తి పండే ఊళ్ల మధ్య ఉన్న ఒక సర్కారు ఆస్పత్రిలో ఆవిడ చాలాకాలం డాక్టరు. నేను ఆవిడ క్వార్టర్సులో ఉండి చదువుకున్నాను. ఆవిడ పెట్టిన అన్నం తిన్నాను, తిట్లూ తిన్నాను. రెండూ వంటబట్టాయి. ఏం చెప్పబోయినా "చూశావా, విన్నావా?" అనేది. విన్నానంటే, "అయితే పోయి చూసిరా" అనేది. ఇప్పటికీ విన్నమాట చెప్పబోయి ఆగిపోతుంటాను.

కోతల కాలంలో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లు చేతులు భగభగ మండుతూ ఆస్పత్రికి వచ్చేవాళ్లు. చన్నీళ్లు పోసి, ఏదో పూత రాసి పంపేవారు.

"నూనె రాస్తే తగ్గుద్దంటగా డాక్టరమ్మగారూ" అంది ఒకామె.

పెద్దమ్మ నవ్వలేదు, నమ్మనూ లేదు. వచ్చినవాళ్లందరిచేతా ఒక చెయ్యి నీళ్లలో, ఒక చెయ్యి వేరుశనగ నూనెలో పెట్టించి పక్కనే కూర్చుంది. నూనెలో చెయ్యే ముందు చల్లబడుతోందని తేలాక, కట్లు కట్టే గదిలో నూనె ఉంచమని సూపరింటెండెంటును అడిగింది.

"ఇది ఆస్పత్రి అనుకున్నారా, బజ్జీల కొట్టనుకున్నారా?" అన్నాడాయన. తోటి డాక్టర్లంతా ఇకిలించారు. ఒక్కడూ వచ్చి చూసిన పాపాన పోలేదు. నూనె ఆవిడే కొనిపెట్టింది.

మరుసటి ఏడు మంత్రిగారు వస్తున్నారన్నారు. ఆయనకు నాటువైద్యమంటే మక్కువట. అంతే, ఇకిలించిన వాళ్లే 'ప్రాచీన వైద్య విభాగం' అని బోర్డు రాయించారు. కామెర్లకు కంట్లో పసరు పోసేవాణ్ణి తెచ్చి కుర్చీ వేశారు. ఫొటోలు దిగారు. వారం తిరక్కుండానే ఒక పత్తిరైతు చీముపట్టిన కన్నుతో పెద్దమ్మ దగ్గరికొచ్చాడు.

ఆవిడ తిన్నగా సూపరింటెండెంటు గదికి వెళ్లింది. "ఆ పసరు ఏం చేస్తుందో ఒక్కసారైనా చూశారా?"

"నాటువైద్యం కావాలన్నది మీరేగా!"

"నేను చూసి నమ్మాను. మీరు చూడకుండా నవ్వారు, చూడకుండానే మొక్కారు. అదీ ఇదీ ఒకటే పొగరు."

బయటికొచ్చి తోటమాలి చేత బోర్డు పీకించింది. రైతు కన్ను దక్కింది. పెద్దమ్మకు మాత్రం ఒంగోలు అవతలికి బదిలీ అయింది. ఆవిడ బస్సెక్కిన రోజే నూనె డబ్బా బయట పారేశారట.

పెద్దాస్పత్రులు నాటువైద్యానికి తలుపు తెరుస్తాయా అని ఈమధ్య సభలు పెడుతున్నారు. ఆ తలుపు కెమెరాకు తెరుచుకోవడం నేను కళ్లారా చూశాను. మనిషికి తెరిచింది మా పెద్దమ్మ ఒక్కతే.

పెద్దమ్మను సమాధి చేసేవేళకు, రిటైరైన ఆ సూపరింటెండెంటు పెద్ద పూలచక్రంతో సమాధుల తోటకు వచ్చాడు. చక్రాన్ని గోడకు ఆనించి, "మన ప్రాచీన వైద్యానికి ఆస్పత్రిలో చోటిచ్చిన తల్లి..." అంటూ గొంతు సవరించుకున్నాడు.

"ఎవరే ఈయన?" అంది నా వెనక ఒకావిడ.

"ఏమో, పూలు తెచ్చినాయన" అంది ఆవిడ పక్కనున్నామె.

ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. ఎటునుంచి వచ్చిందో ఒక మేక, చక్రంలోని బంతిపూలు ఒక్కొక్కటే లాగి తీరిగ్గా నములుతోంది. ఎవరూ అదిలించలేదు.