ఎండలో నిలబెట్టిన తమ్ముడు

తమ్ముణ్ణి చిన్నపిల్లలకు సిపాయి చదువు చెప్పే హాస్టల్ బడిలో వేసినప్పుడు మా అమ్మకు అన్నం సయించలేదు. గొర్లు కాసుకునే మా ఇంట్లో బడి మొహం చూసిన మొదటివాడు వాడే. నాకు అప్పటికి అక్షరం ముక్క రాదు. తరువాతెప్పుడో సెలవులకొచ్చి వాడే దిద్దించాడు.

"పోయి సూసి రా బిడ్డా. పిలగాడు ఏడుస్తున్నా, సన్నగైనా తోల్కరా," అని అమ్మ, రొట్టె బెల్లం కలిపి పిసికిన మలీద ముద్దల గిన్నెకు గుడ్డ కట్టి ఇచ్చింది.

మా ఊరు కేతేపల్లి నుంచి బస్సులు మారి, పాలమూరులో రాత్రి గడిపి, పొద్దున ఆ బడికి చేరాను. అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. మైదానంలో పిల్లలు వరుసగా నిలబడి ఉన్నారు. కుడివైపు చివర మావాడు. బూట్లు తళతళలాడుతున్నాయి.

"తమ్మీ!" అని పిలిచాను. కన్ను కూడా తిప్పలేదు. చెంప మీద ఈగ పాకుతున్నా తోలుకోలేదు. తప్పు చేశాడని వాణ్ణి చివరికి నెట్టి ఎండలో నిలబెట్టారనుకున్నాను. మా ఊరి దొర జీతగాళ్ళను అట్లాగే నిలబెట్టేవాడు. నాకు తిక్క రేగింది. కిర్రు చెప్పులతోనే పోయి వాడి చెయ్యి పట్టుకున్నాను.

"పా ఇంటికి. గీ సదువొద్దు, ఏమొద్దు."

వాడు తల తిప్పకుండా గొణిగాడు. "అన్నా, నీ కాళ్ళు మొక్కుత, జర పక్కకు జరుగే. లైను ఖరాబైతది."

కవాతు నేర్పే ఉస్తాద్ మీసాలు దువ్వుకుంటూ వచ్చాడు. "ఎవరు నువ్వు?"

"వీని అన్నను. ఏం తప్పు జేసిండని ఎండల నిలవెట్టిన్రు?"

వరుసలో ఒకడికి నవ్వు ఆగక భుజాలు కదిలాయి. ఉస్తాద్ వాడిని ఒక్క చూపు చూసి, నాతో మెల్లగా అన్నాడు. "తప్పు గాదు భాయ్. అందరికన్న మంచిగ నిలబడేటోన్నే ఆ మూలకు పెడతం. వాన్ని జూసి మిగిలినోళ్ళు సక్కగైతరు. వాడు కదిలితే వరుసంత వంకరే."

మందలో ముందు నడిచే పొట్టేలు సంగతి నాకు ఒకరు చెప్పాలా? చెయ్యి వదిలేశాను.

కవాతు అయ్యాక వాడు పరుగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుని, "ఇజ్జత్ తీసినవ్ గదనే!" అని తిట్టాడు. ఇంటినుంచి ఏం వచ్చినా గదిలో అందరూ పంచుకోవాలట, అక్కడి పద్ధతి. ముద్దలన్నీ చేతులు మారిపోయాయి. అడుగున రాలిన పొడి మావాడికి మిగిలింది. నాకు మండింది. వాడు మాత్రం వేళ్ళు నాకుతూ నవ్వాడు.

ఒక్కణ్ణే వచ్చేసరికి అమ్మ వాకిట్లోనే పట్టుకుంది.

"సన్నగైండా?"

"అయిండు."

"మరి తోల్కరాలేదేందిరా?"

"ముందల నడిచే పొట్టేలును నడిమిట్ల గుంజుకొస్తరానే?"

ఈసారి పోయేటప్పుడు పెద్ద గిన్నె కావాలని మాత్రం చెప్పాను.