రాజవ్వ పొయ్యిలో రాతినార

1941 ఫిబ్రవరి 11, మంగళవారం, పొద్దున ఏడున్నర. కామారెడ్డి స్టేషనుకు అవతల మూతపడ్డ పాత పత్తి గిర్నీ తాళం తీశాము. కట్టడాల శాఖలో అప్పుడు నేను మేస్త్రీని. నా పైన ఓవర్సీరు వహీద్ సాబ్. ఆ గిర్నీ ధాన్యం గోదాముగా పనికొస్తుందా, రాదా అని చూసి చెప్పడం మాకు అప్పగించిన పని.

పాత కట్టడం చూడటానికి ఒక వరుస ఉంటుంది. ముందు పైకప్పు, తర్వాత గోడల పగుళ్లు, ఆ తర్వాత పునాది చెమ్మ. మేస్త్రీ సుత్తితో తట్టి, చప్పుడు విని చెబుతాడు. ఓవర్సీరు కాగితం మీద రాస్తాడు. నాకు అప్పటికి అక్షరం ముక్క రాదు. నలభై దాటాక నేర్చుకున్నాను. చెవి మాత్రం బాగా పనిచేసేది.

బాయిలర్ గదిలో అడుగు పెట్టగానే వహీద్ సాబ్ ఆగిపోయాడు. ఆవిరి గొట్టాలు బోసిగా ఉన్నాయి. వాటి మీద పూత ఏమైందని అడిగాడు.

"మొన్ననే గీకిపిచ్చిన సాబ్. గోదాం సాఫ్ గావాలె గదా" అన్నాను, శాబాష్ అంటాడనుకొని.

అనలేదు. మూలన ఒక తెల్ల పెళ్ళ మిగిలి ఉంది. దాన్ని ముట్టుకునే ముందు చెంబెడు నీళ్లు పోశాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు. గొట్టంలో వేడి బయటికి పోకుండా చుట్టూ మందంగా పూస్తారు. కొన్నిచోట్ల సున్నంలో వెంట్రుకలు కలిపి పూస్తారు, కొన్నిచోట్ల బంకమట్టిలో ఊక కలుపుతారు. ఇది మాత్రం రాతినార, ఇంగ్లీషులో ఆస్బెస్టాస్ అన్నాడు. గుర్తుపట్టే తీరు కూడా చెప్పాడు. సున్నం వేళ్ల మధ్య పిండి అవుతుంది, వెంట్రుక అగ్గి తగిలితే కంపు కొడుతుంది. ఇది కాలదు, పిండి కాదు. నలిపినకొద్దీ సన్నసన్నని పోగులుగా చీలిపోతుంది. అగ్గిపుల్ల గీసి చూపాడు. ఒక పోగు ఎర్రగా మెరిసి, మంట తీయగానే మళ్లీ తెల్లబడింది. ఇరవై ఏళ్లు రాళ్లతో బతికినవాణ్ని, దారం తీయగల రాయిని అంతవరకు చూడలేదు. ఉండబట్టలేక నేనూ ఇంకో పుల్ల గీశాను.

"మురిసింది చాలు మేస్త్రీ" అన్నాడు సాబ్. ఆయన పని నేర్చుకున్న కార్ఖానాలో ఈ నార చుట్టే మనుషులకు కొన్నేళ్లకే ఆయాసం పట్టుకునేదట. అక్కడి డాక్టరు దుమ్మును అనుమానించాడట. "నాకు పూరా తెల్వదు. గని ఆ దుమ్ము లోపలికి పోతె మల్ల బయటికి రాదంటరు. గీకిన పెళ్ళలు ఏడున్నయి?"

జరిగింది చెప్పాను. గీకింది ఎల్లారెడ్డి కూలీ సాయిలు. తట్టలు మోసింది అతని భార్య రాజవ్వ. మా వైపు పొయ్యి మట్టిలో గడ్డి తుంపో, ఊకో కలుపుతారు. వేడికి ఆ గడ్డి కాలిపోయి పొయ్యి పగులుతుంది. ఈ నార కాలదని రాజవ్వ కనిపెట్టి, "గిది కలిపి పొయ్యేస్తె పగులది గదన్నా" అని రెండు బస్తాలు అడిగింది. తెలివైన ఆలోచన అని మెచ్చుకొని తీసుకుపొమ్మన్నది నేనే. ఆమె బిడ్డ లచ్చవ్వ కాన్పుకు వచ్చి తల్లి దగ్గరే ఉందని కూడా నాకు తెలుసు.

అది విని సాబ్ గదికి తాళం వేశాడు. తొమ్మిది గంటల బస్సుకు ఎల్లారెడ్డి బయలుదేరాము.

ఇల్లు ఒకటే గది. కొత్త పొయ్యి ఒక్క పగులు లేకుండా ఉంది. వెనక గోడకూ అదే పూత. మూలన అర బస్తా మిగిలి ఉంది. నులక మంచం మీద లచ్చవ్వ, పక్కన పందొమ్మిది రోజుల పసిపిల్ల. సాబ్ పొయ్యి పగలగొట్టమన్నాడు. నేను సుత్తి తీశాను. రాజవ్వ పొయ్యికి అడ్డంగా నిలబడింది.

"ఏందన్నా, ఇచ్చెటోనివి నువ్వే, పలగ్గొట్టెటోనివి నువ్వేనా?"

సంగతంతా చెప్పాను. చివరిదాకా విన్నది.

"అంటే ఫికరంత దుమ్ముతోనేనా?"

"ఔ."

"మరి సుత్తితోని కొడ్తె లేసేది దుమ్ము గాక పరమాన్నమా? పసిపోరి ముంగటనే కొడ్తవా?"

గుమ్మంలో నిలబడ్డ సాయిలు నవ్వాడు. "జవాబియ్యి సాబ్. నాకైతె ఇరవై ఏండ్ల సంది దొరుకుతలేదు."

నేను సుత్తి దించాను. పాత కట్టడాల్లో నాకు తెలిసినవి రెండే పనులు: బాగుంటే ఉంచడం, లేకుంటే కూల్చడం. మూడోది రాజవ్వ చెప్పింది. "గట్టిగున్నదాన్ని కెలుకుడెందుకు? మీద మందంగ మట్టి మెత్తుత. ఎట్లయినా ఐతారమైతారం అలుకుతనే ఉంట."

ముందు తల్లినీ పిల్లనూ పక్కింటి భూమవ్వ వచ్చి తన ఇంటికి తీసుకుపోయింది. అర బస్తాను నీళ్లతో తడిపి, మూతి కట్టి, దొడ్లో నడుము లోతు గుంత తీసి పూడ్చాము. నేల చీపురుతో ఊడవనివ్వకుండా సాబ్ స్వయంగా తడిగుడ్డతో తుడిచాడు, ఆ గుడ్డనూ గుంతలోనే వేశాము. రాజవ్వ పొయ్యి మీదా, గోడ మీదా రెండు వేళ్ల మందాన పేడమట్టి మెత్తింది. పాత పొర గీకకూడదని, అరగకముందే ఇంకో పొర వేయాలని సాబ్ గట్టిగా చెప్పాడు. పొద్దుగూకే వేళకు తల్లీబిడ్డలు తిరిగొచ్చారు.

మర్నాడు గిర్నీలో మిగిలినదాన్నీ తడిపి పూడ్చాము. నివేదికలో దీనికి గడి లేదు. సాబ్ అడుగున విడిగా రాశాడు.

సాయిలుకు యాభై దాటాక ఆయాసం పట్టుకుంది. చుట్ట కూడా తాగేవాడు. ఏది కారణమో నాకు తెలియదు. గీకించింది మాత్రం నేనే.

ఈ పని నాకు నేర్పింది ఇంతే. ఏమిటో తెలియనిదాన్ని గీకించకూడదు. గట్టిగా ఉన్నదాన్ని కదపకుండా కప్పాలి. కదపక తప్పకపోతే తడిపి కదపాలి. సుత్తి ఎత్తే ముందు ఆ గదిలో ఎవరెవరు ఊపిరి పీలుస్తున్నారో చూసుకోవాలి. ఆ రోజు ఎల్లారెడ్డి ఇంట్లో ఉన్నవాళ్లం: ఓవర్సీరు వహీద్ సాబ్, మేస్త్రీ పోశయ్య అనే నేను, సాయిలు, రాజవ్వ, పక్కింటి భూమవ్వ, లచ్చవ్వ, ఇంకా పేరు పెట్టని ఆమె కూతురు.