చీకటి పెట్టెలో నాలుగు వేళ్లు

రేపల్లె నుంచి తెనాలి వచ్చే రైల్లో, కిటికీలోంచి జేబురుమాలు పడేస్తే సీటు సొంతమైపోతుంది. మనిషి తర్వాత తీరిగ్గా వస్తాడు. ముందే ఎక్కిన నేను ఆ రుమాలు పక్కన నిలబడి ప్రయాణం చేస్తాను. రుమాలు తీసి కూర్చునే ధైర్యం లేకే గానీ, లేని మనిషిని ఉన్నట్టు నమ్మడం నాకెప్పుడూ చేతకాలేదు. దెయ్యాల విషయంలోనూ అంతే.

బాపట్లలో ఇంజనీరింగ్ చదివి, అంగలకుదురు దగ్గర ఓ చిన్న సోలార్ ప్యానెళ్ల ఫ్యాక్టరీలో తనిఖీ పనికి చేరాను. గాజు పలక మీద, ఎండని కరెంటుగా మార్చే పల్చటి సెల్స్ పేర్చి, వేడి ప్రెస్సులో పెట్టి అతికిస్తారు. ప్రెస్సుకి పంపే ముందు ప్యానెల్‌ని చీకటి పెట్టెలో ఉంచి, కరెంటు పంపి ఫొటో తీస్తాం. బాగున్న సెల్ వెలుగుతుంది, పగిలినచోట నల్లగా ఉంటుంది. ఎక్స్‌రే లాంటిదే, డాక్టరు ఉండడు.

సెల్స్ పేర్చేది, ప్యానెల్‌ని ప్రెస్సులో సర్దేది నాగమణి గారు. పుట్టిల్లు చీరాల, మగ్గం ఉన్న ఇల్లు. నేతని అరచేత్తో తడిమి చూడటం చిన్ననాటి అలవాటు. ఇక్కడా గ్లవ్ తీసేసి సెల్స్ నిమిరేవారు. ఓ రోజు ఆవిడ పేర్చిన ప్యానెల్ ఫొటోలో నల్లటి అరచెయ్యి కనిపించింది.

"అమ్మా, ఇది చీర కాదు. నొక్కితే పగిలిపోద్ది."

"నొక్కలేదు సార్, నిమిరానంతే. ఆ తొడుగేసుకుంటే కళ్లకి గంతలు కట్టినట్టుంటదండి."

అయినా తొడుక్కున్నారు. తర్వాతి ప్యానెళ్లలోనూ అదే చెయ్యి. భూతద్దం పెట్టి చూస్తే ఒక్క పగులూ లేదు. అప్పుడు గమనించాను, ఆ చేతికి చూపుడువేలు లేదు. నాగమణి గారికి అయిదు వేళ్లూ ఉన్నాయి. ఫొటో ఆవిడకి చూపించి, మర్యాదగానే లెక్కపెట్టాను.

ఓనరుకి మాత్రం చెయ్యి కనిపించలేదు, పాడైన ప్యానెళ్లే కనిపించాయి. ఆవిణ్ణి మానిపించమన్నాడు. బతిమాలి ప్యాకింగుకి మార్పించాను. దీన్ని ముందుచూపు అనకండి, నాకున్న ధైర్యం అంతవరకే.

మర్నాడు పొద్దున్నే, తెరిచి ఉన్న ప్రెస్సు మూత మా కళ్లముందే దిగిపోయింది. స్విచ్ దగ్గర ఎవరూ లేరు. లోపల ముందురోజు మిగిలిపోయిన ప్యానెల్ మూల పిండైంది. రోజూ నాగమణి గారు చూపుడువేలు ఆనించి సరిచేసే మూల అదే. ఆ పూట అక్కడ ఇంకా ఎవర్నీ పెట్టలేదు.

మెకానిక్ వచ్చి అంతా విప్పి చూసి, లోపమేమీ లేదన్నాడు. మూత ఎందుకు పడిందో ఏదో ఒక కారణం ఉండే ఉంటుంది. అది పడకముందే ఫొటోలో వేలు ఎలా పోయిందో మాత్రం, నేను చదివిన ఏ సబ్జెక్టులోనూ లేదు. ఇప్పటికీ తెలియదు.

మిషను బాగానే ఉంది కదా అని ఓనరు ఆ చోట అడవులదీవి నుంచి వచ్చిన కొత్తావిణ్ణి పెట్టాడు. ఆ సాయంత్రం నాగమణి గారు అట్టపెట్టెకి టేపు వేస్తూ, తలెత్తకుండానే అడిగారు.

"నా వేలు నాకుంది, బానే ఉంది సార్. ఆవిడకి ఆ ఫొటో సంగతి చెప్పారా?"